లండన్ వీధిలో సీతాఫలం: వెరోనికా రయన్ శిల్పాలు మోసుకొచ్చినవి

సీతాఫలం కోతకొచ్చిందో లేదో తెలుసుకోవాలంటే కళ్ళు విచ్చుకున్నాయా అని చూస్తారు. ఆకుపచ్చ బుడిపెల మధ్య గీతలు తెల్లబడి, కాస్త ఎడం జరిగితే తెంపుకోవచ్చు. బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో మాగేస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఇంకో రోజు మరచిపోతే చేతిలోకి తీసుకునేలోపే విడిపోతుంది. లోపల మామిడిలా ఒకే గుజ్జు ముద్ద ఉండదు. ఒక్కో నల్ల గింజకు ఒక్కో తెల్లటి తిత్తి ఉంటుంది. నలభై యాభై చిన్న తిత్తుల్ని దగ్గరికి నొక్కి, మీద పలచటి తోలు కప్పినట్టుంటుంది ఆ పండు.

లండన్‌లోని హాక్నీ ప్రాంతంలో, జనం నడిచే దారి పక్కన ఇలాంటి పండు ఒకటి, మనిషి ఆనుకుని నిలబడగలిగేంత సైజులో నేల మీద ఉంది. దానికి తోడు మరో రెండు పండ్లున్నాయి. మూడింటినీ కంచుతో, చలువరాతితో చేశారు. చేసింది వెరోనికా రయన్. 2021 అక్టోబర్ 1న ఆవిష్కరించారు. బ్రిటన్‌లో ‘విండ్‌రష్ తరం’ గౌరవార్థం శాశ్వతంగా నిలిపిన మొదటి బహిరంగ శిల్పాలు ఇవే అంటారు. ఎదురుగా నిలబడి చూస్తే ఎవరి స్మారకమో తెలియదు. విగ్రహం లేదు, చేతిలో జెండా లేదు, పీఠం కూడా లేదు. మూడు పండ్లు, అంతే.

విండ్‌రష్ అనేది ఓడ పేరు. 1948 జూన్‌లో లండన్ దగ్గర టిల్‌బరీ రేవులో ఆగిన ‘ఎంపైర్ విండ్‌రష్’లో వెయ్యిమందికి పైగా ప్రయాణికులుంటే, వాళ్ళలో 800 మంది దాకా కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌కు పనిచేసే చేతులు కావాలి. దీవుల్లోని వాళ్ళు చట్టప్రకారం బ్రిటిష్ సామ్రాజ్య పౌరులే. అప్పటి నుంచి 1971 వరకు అలా వచ్చినవాళ్ళందరినీ కలిపి విండ్‌రష్ తరం అంటున్నారు. రయన్ తల్లిదండ్రులూ వాళ్ళలోవాళ్ళే. ఆమె 1956లో మాంట్‌సెరాట్ దీవిలోని ప్లిమత్ పట్టణంలో పుట్టి, పసిపాపగా ఉన్నప్పుడే ఇంగ్లండ్ వచ్చేసింది. హాక్నీలోనే రిడ్లీ రోడ్ మార్కెట్ ఉంది. చిన్నప్పుడు తల్లి వెంట ఆమె వెళ్ళిన మార్కెట్ అది. హాక్నీ దారి పక్కన పెట్టిన శిల్పాలకు మూలం ఏదో విదేశీ అడవి కాదు, ఆ మార్కెట్ బండి మీది సరుకే.

శిల్పాల శీర్షిక కొంచెం వింతగా ఉంటుంది. కస్టర్డ్ యాపిల్, బ్రెడ్‌ఫ్రూట్, సోర్‌సాప్ అని మూడు పేర్లు, ప్రతి పేరు పక్కన వృక్షశాస్త్రంలో అది చేరే కుటుంబం పేరు: అనోనేసీ, మోరేసీ, మళ్ళీ అనోనేసీ. ఏ జాతి మొక్కో చెప్పలేదు, ఏ కుటుంబమో మాత్రం చెప్పింది. వలస వచ్చినవాళ్ళను ఎక్కడా ముందుగా అడిగేది కూడా అదేగా, మీరు ఎవరి తాలూకు అని. (కరీబియన్‌లో కస్టర్డ్ యాపిల్ అంటే మనం రామాఫలం అనేదాన్ని కూడా అంటారు. కాబట్టి హాక్నీ పండును అచ్చంగా మన సీతాఫలం అనడం కన్నా ఆ ఇంటిదే అనడం మేలు.)

ఇక్కడే తెలుగు పాఠకుడికి, లండన్ పాఠకుడికి దొరకనిది ఒకటి దొరుకుతుంది. అనోనేసీ కుటుంబమంటే మనకు రామాయణమే. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం (సోర్‌సాప్ ఇదే). ఈమధ్య నర్సరీలవాళ్ళు హనుమాన్ ఫలాన్ని కూడా చేర్చారు. వీటన్నిటి పుట్టిల్లు అమెరికా ఖండాల వేడి ప్రాంతాలు. పోర్చుగీసు ఓడల కాలంలో మన తీరానికి చేరాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. అయితే 19వ శతాబ్దంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మథుర, భర్హుత్ శిల్పాల్లో సీతాఫలం చెక్కి ఉందని, కాబట్టి అది ఇక్కడిదేనని వాదించాడు. అది సీతాఫలమే కాదని, మరేదో కాయో పువ్వో అని అనేవాళ్ళూ ఉన్నారు. ఒక పండు ఇక్కడిదా కాదా అని తేల్చడానికి శిల్పాన్ని సాక్ష్యానికి పిలవడం అప్పుడే మొదలైందన్నమాట.

సాక్ష్యం ఎటున్నా పాలమూరు గుట్టలకు పట్టదు. అక్కడ సీతాఫలం చెట్టు రాళ్ళ సందుల్లో, చేల గట్ల మీద ఎవరూ నాటకుండా, నీళ్ళు పోయకుండా పెరుగుతుంది. దసరా దీపావళి రోజుల్లో హైవే పక్కన బుట్టలు కనపడతాయి. బాలానగర్ అని ఊరి పేరుతో ఒక రకమే ఉంది. సీతమ్మ వనవాసంలో తిన్న పండు అని చెప్పుకుంటాం. పేరు పెట్టి, కథ చెప్పి, బియ్యం డబ్బాలో చోటిచ్చి, పరాయి పండును ఇంటిదాన్ని చేసుకున్నాం. ఎవరూ తీర్మానం చేయలేదు, ఎవరూ కాగితం అడగలేదు.

బ్రెడ్‌ఫ్రూట్‌కు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. తెలుగులో దాని పేరు సీమపనస. సీమచింత, సీమసున్నంలో ఉన్న సీమే ఇదీ, పైదేశం నుంచి వచ్చిందని గుర్తు. పనస, మర్రి, మేడి చేరే మోరేసీ కుటుంబానికే చెందినా, పనసకు చుట్టమే అయినా, పేరులో మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. తమాషా ఏమిటంటే కోనసీమ, రాయలసీమ అన్నప్పుడు అదే సీమ ‘మన నేల’ అవుతుంది. ఒకే మాట ఒకచోట సొంతం, మరోచోట పరాయి. రయన్ పని అంతా ఈ మాటలాంటి వస్తువుల కోసం వెతుకులాటే.

సీమపనస కరీబియన్‌కు చేరిన కథ తీపిది కాదు. చెరకు తోటల్లో పనిచేసే బానిసలకు చౌకగా తిండి పెట్టాలని బ్రిటిష్ వాళ్ళు పసిఫిక్ దీవుల నుంచి ఈ మొక్కను తెప్పించారు. కెప్టెన్ విలియం బ్లై మొదటిసారి తాహితీ నుంచి వెయ్యికి పైగా మొక్కలతో బయల్దేరితే 1789లో ‘బౌంటీ’ ఓడలో తిరుగుబాటు జరిగింది, మొక్కలు సముద్రం పాలయ్యాయి. రెండోసారి పట్టుదలగా వెళ్ళి 1793లో సెయింట్ విన్సెంట్‌కు, జమైకాకు చేర్చాడు. మొదట్లో దాన్ని తినడానికి బానిసలే ఇష్టపడలేదు. ఆ తర్వాత తరాల్లో కాల్చి, ఉడకబెట్టి, వేయించి, అది దీవుల ఇంటి వంట అయిపోయింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ రకం సీమపనసకు గింజలుండవు. వేరు పిలకల నుంచి తీసి మనిషి నాటాల్సిందే. పక్షి మోయలేదు, గాలి మోయలేదు. ఎవరో ఒకరు ఓడెక్కించకపోతే అది కదలదు. హాక్నీలో మూడు పండ్లలో ఒకటిగా దాన్ని కూర్చోబెట్టడంలో ఎంతో చరిత్ర ఉంది. రయన్ దాన్ని విడమరిచి చెప్పదు. ఆమె పద్ధతే అది.

ఇక ఆమె పుట్టిన ఊరి సంగతి. మాంట్‌సెరాట్ 102 చదరపు కిలోమీటర్ల దీవి, మన చిన్న మండలమంత. దీవికి పేరు పెట్టింది కొలంబస్, స్పెయిన్‌లోని ఒక మఠం పేరు మీద. రాజధానికి ఇంగ్లండ్ రేవు పేరే ప్లిమత్ అని పెట్టారు. సొంత పేరంటూ లేని ఊరు. 1995 జులై 18న సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం లేచింది. 1997 జూన్ 25న కొండ మీద నుంచి దూసుకొచ్చిన వేడి బూడిద ప్రవాహంలో 19 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టుకు ప్లిమత్ పట్టణం బూడిద కింద పడిపోయింది. దీవి జనాభాలో మూడింట రెండు వంతుల మంది వెళ్ళిపోయారు. దక్షిణ భాగం ఇప్పటికీ నిషిద్ధ ప్రాంతమే. విచిత్రంగా కాగితాల మీద ప్లిమత్ ఇంకా రాజధానే. మనుషులు లేని రాజధాని.

ఇంకో నష్టం 2004 మే 24న జరిగింది. తూర్పు లండన్‌లో కళాఖండాలు దాచే మోమార్ట్ కంపెనీ గోదాము తగలబడి ఎందరో పేరున్న కళాకారుల పనులు బూడిదయ్యాయి. రయన్ శిల్పాలు చాలా అందులో పోయాయి.

ఊరు బూడిదైంది, పని బూడిదైంది. ఇంకేముంది, నష్టం గురించి శిల్పాలు చేసే మనిషి అని ముద్ర వేసేయడం తేలిక. చాలా రాతలు ఆ తేలిక దారే పట్టాయి. కానీ తేదీలు సరిచూస్తే ఆ లెక్క కుదరదు. అగ్నిపర్వతం లేవడానికి పదేళ్ళ ముందే, 1985లో, ఆమె ‘రెలిక్స్ ఇన్ ద పిల్లో ఆఫ్ డ్రీమ్స్’ అనే శిల్పం చేసింది. దిండు, దాంట్లో దాచుకున్నట్టుగా గుర్తులు. ఆ దశాబ్దమంతా ఆమె చేసినవి కాయలు, తొడుగులు, పెంకులు, గింజలు. నష్టాలు వచ్చి ఆమెకు విషయాన్ని ఇవ్వలేదు. అప్పటికే ఎంచుకున్న విషయం ఎంత నిజమో చూపించాయి. ఆ విషయం వేళ్ళు కాదు, మూట. వలస గురించి మాట్లాడేటప్పుడు అలవాటుగా ‘మన వేళ్ళు’, ‘మూలాలు’ అంటుంటాం. రయన్ శిల్పాల్లో వేరు కనపడటం అరుదు. కనపడేవి గింజ, గింజను పట్టుకున్నది. వేరు ఉన్నచోటే ఉంటుంది, గింజ మూటలో పడి పోతుంది.

2021లో బ్రిస్టల్ నగరంలోని స్పైక్ ఐలండ్ అనే కళాకేంద్రంలో జరిగిన ‘అలాంగ్ ఎ స్పెక్ట్రమ్’ ప్రదర్శన ఈ మాటకు మంచి ఆధారం. అక్కడి పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. చేపలు పట్టే నైలాన్ దారం, అదీ కళ్ళు జిగేల్‌మనే రంగుల్లో. దాన్ని కొక్కెం సూదితో అల్లి, చిన్న చిన్న సంచులు చేసింది. ఒక్కో సంచిలో ఎండిన గింజలు, పండ్ల టెంకలు, తొక్కలు. వాటిని వేలాడదీసింది. మన ఇళ్ళలో ఒకప్పుడు పెరుగుకుండ పెట్టే ఉట్టి గుర్తొస్తుంది. ఉట్టి పని ఉన్నదాన్ని పిల్లికి అందకుండా దాచడం. ఇక్కడ దాచినవి తిని పారేసేవి. చేపల వలకు వాడే దారం పట్టుకోవడానికే పుట్టింది, కాబట్టి అల్లికలో పట్టు ఉంది, కానీ కన్నాలూ ఉన్నాయి. లోపలున్నదేమిటో కనపడుతూనే ఉంటుంది. సన్నటి గింజైతే జారిపోతుంది కూడా. దాచడం, పోగొట్టుకోవడం రెండూ ఒకే సంచిలో జరుగుతాయి. సీతాఫలంలో గింజ చుట్టూ తిత్తి ఉన్నట్టే ఇక్కడ ప్రతి గింజల గుప్పెడు చుట్టూ ఒక తిత్తి. పండు చేసే పనిని ఆమె చేతులు చేస్తున్నాయి.

టీ డికాక్షన్‌లో నానబెట్టి గోధుమరంగు ఎక్కించిన గుడ్డలున్నాయి, వాటిని కుట్టి దిండ్లలా చేసినవి ఉన్నాయి. టీ అనగానే ఇంగ్లిష్ వాళ్ళ పానీయం అంటాం. ఆకు ఎక్కడిది, చక్కెర ఎక్కడిది అని అడిగితే ఆ కప్పులో ఇంగ్లండ్‌ది ఎంత మిగులుతుందో చూడాలి. పండ్ల దుకాణాల్లో అవకాడోల్ని పెట్టే గుంతల ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. పండు వెళ్ళిపోయాక, పండు ఆకారం మాత్రం గుంతగా మిగిలిన ట్రేలు అవి. మన ఇళ్ళలో పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత కూడా ఇలాంటిదే, కప్పుకున్నప్పుడు ఏ ముక్క ఎవరి చీరో చెప్పగలిగినవాళ్ళు ఉన్నంత కాలం.

అదే ప్రదర్శనలో కోకో కాయలున్నాయి, మట్టితో, కంచుతో. చాక్లెట్ కాయ అని పిల్లలు ముచ్చటపడేవి. ప్రదర్శన జరిగింది బ్రిస్టల్‌లో. బానిసల వ్యాపారంలో పెరిగిన రేవు అది. ఫ్రై కంపెనీ చాక్లెట్ తయారుచేసిన ఊరు అది. ఏడాది ముందే, 2020 జూన్‌లో, బానిస వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పడగొట్టి రేవు నీళ్ళలోకి దొర్లించారు. అంత గొడవ జరిగిన ఊళ్ళో రయన్ ఒక కోకో కాయను నేల మీద పెట్టి ఊరుకుంది. ఆ మౌనం కొందరికి నచ్చదు. నచ్చకపోవడంలో అన్యాయమూ లేదు.

నిజానికి గ్యాలరీలో ఆమె పని అన్నిసార్లూ ఒకేలా పలకదు. ట్రేల దొంతరలు కొన్ని పక్కన చీటీ చదివితే తప్ప గోదాములో మిగిలిన సామానులాగే అనిపిస్తాయి. చీటీ చదివాక అర్థమవుతాయి. చీటీ లేకపోతే పలకని శిల్పానికి సగం పని చీటీయే చేస్తున్నట్టు. పండ్లు అలా కాదు. ముందు చెయ్యి వెళ్ళి తాకుతుంది, తర్వాతే చదువుతాం.

నేల రూపం, ప్రకృతి రూపం ఆమె పనిలోకి వచ్చే తీరు కూడా ఇలాగే దొడ్డిదారిన ఉంటుంది. 1998లో ఆమె ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో, చనిపోయిన ప్రసిద్ధ శిల్పి బార్బరా హెప్‌వర్త్ స్టూడియోలో ఉండి పనిచేసింది. హెప్‌వర్త్ వాడగా మిగిలిన చలువరాతిని చెక్కింది. అలా వచ్చిన వాటిలో ఒకదాని పేరు ‘క్వాయిట్ మాంట్‌సెరాట్’. క్వాయిట్ అంటే కార్న్‌వాల్‌లో నిలువు రాళ్ళ మీద బండ పరిచిన పురాతన సమాధులు, మన దగ్గర రాకాసి గుళ్ళు అంటామే, అలాంటివి. కార్న్‌వాల్ రాతికట్టడం పేరు, కరీబియన్ దీవి పేరు, మధ్యలో మరో శిల్పి వదిలిపోయిన రాయి. అప్పటికి మాంట్‌సెరాట్ బూడిద కింద పడి ఏడాదే అయింది. కొండను గీయలేదు, బూడిదను చూపించలేదు. ఒక ఊరి సమాధిరాయి పేరును ఇంకో ఊరికి అరువిచ్చింది.

హాక్నీ పండ్ల దగ్గరికి మళ్ళీ వస్తే, వాటి వెనక ఇంకో కథ ఉంది. అది కాగితాల కథ. 2018లో బ్రిటన్‌ను కుదిపేసిన విండ్‌రష్ కుంభకోణం. చిన్నపిల్లలుగా వచ్చి యాభై ఏళ్ళు అక్కడే బతికి, పన్నులు కట్టినవాళ్ళను మీరిక్కడ ఉండటానికి రుజువేదని అడిగారు. ఉన్న ప్రతి ఏడాదికీ ఒక అధికారిక కాగితం చూపించమన్నారు. వాళ్ళు వచ్చినప్పటి ఓడ కార్డుల్ని 2010లో ప్రభుత్వ శాఖే నాశనం చేసింది. కనీసం 83 మందిని అన్యాయంగా దేశం దాటించారని తేలింది. హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేసింది. నలభై ఏళ్ళ నాటి పే స్లిప్ ఎవరి ఇంట్లో ఉంటుంది? అదే మనిషిని సోర్‌సాప్ ఎలా కొయ్యాలి, సీమపనస ఎలా కాల్చాలి అని అడిగితే చెయ్యే చెబుతుంది. ఆ జ్ఞానానికి ఏ ఆఫీసులోనూ ముద్ర పడదు.

దీని మీద ఒక అభ్యంతరం గట్టిగానే వినిపించవచ్చు. అంత అన్యాయం జరిగిన మూడేళ్ళకే పండ్లు పెట్టి సరిపెట్టడమేమిటి? మార్కెట్లో రంగురంగుల పండ్లు అంటే వలసవాళ్ళ సంస్కృతిలో అందరికీ తీపిగా ఉండే భాగమేగా, తినడానికి బాగుంటుంది, ఎవర్నీ ప్రశ్నించదు. ఈ మాటను తోసెయ్యలేం. బహుశా అందుకే అదే హాక్నీలో 2022 జూన్ 22న మరో శిల్పం వచ్చింది. థామస్ జె. ప్రైస్ చేసిన ‘వార్మ్ షోర్స్’, టౌన్ హాల్ ముందు ఇద్దరు నల్లజాతి మనుషుల ఎత్తైన కంచు బొమ్మలు. అదే రోజున వాటర్లూ స్టేషన్‌లో ప్రభుత్వం తరఫున బాసిల్ వాట్సన్ చేసిన జాతీయ విండ్‌రష్ స్మారకాన్ని ఆవిష్కరించారు. తల్లి, తండ్రి, బిడ్డ, కాళ్ళ కింద గుట్టగా సూట్‌కేసులు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే తేడా తెలుస్తుంది. వాట్సన్ స్మారకంలో సూట్‌కేసులు మూసి ఉన్నాయి. ఆ కుటుంబం అప్పుడే వచ్చి నిలబడింది, ఎప్పటికీ అప్పుడే వచ్చినట్టే నిలబడుతుంది. రయన్ సూట్‌కేసు తెరిచి లోపలున్నది నేల మీద పెట్టింది. వచ్చిన రోజు గురించి కాకుండా వచ్చాక డెబ్బై ఏళ్ళ పాటు ప్రతి శనివారం మార్కెట్‌కు వెళ్ళడం గురించి ఆమె శిల్పం. అన్యాయాన్ని చూపించడంలో అది బలహీనమే. ఉండిపోవడాన్ని చూపించడంలో మిగతా రెండిటికన్నా బలమైనది.

ఇలాంటి మూటల సంగతి తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళే పెట్టెను తూకం యంత్రం మీద పెట్టి, కిలో ఎక్కువైందని అక్కడే నేల మీద విప్పి, కారప్పొడి తియ్యాలా చింతపండు తియ్యాలా అని తల్లీకొడుకులు వాదించుకునే దృశ్యం అందరూ చూసిందే. పచ్చి మామిడికాయను అవతల కస్టమ్స్‌లో ఆపేస్తారు. అదే కాయ ముక్కలై, ఆవపిండి, నూనె పట్టించుకుని, నాలుగు ప్లాస్టిక్ కవర్లలో చుట్టుకుంటే దాటిపోతుంది. రయన్ గింజకు చేసేది అలాంటి పనే. ఎండబెట్టి, రంగు పట్టించి, చుట్టి, కట్టి, అచ్చుపోసి, ఉన్న రూపంలో దాటలేనిదాన్ని దాటే రూపంలోకి తెస్తుంది.

2022 డిసెంబర్ 7న రయన్‌కు, బ్రిటన్‌లో సమకాలీన కళకు ఇచ్చే పేరున్న బహుమతి టర్నర్ ప్రైజ్ వచ్చింది. హాక్నీ పండ్లకు, బ్రిస్టల్ ప్రదర్శనకు కలిపి ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 66, ఆ బహుమతి అందుకున్నవాళ్ళలో అందరికన్నా పెద్ద. నగదు 25,000 పౌండ్లు. ఒకప్పుడు యాభై ఏళ్ళు దాటినవాళ్ళను ఆ బహుమతికి పరిశీలించేవాళ్ళే కాదు, ఆ నిబంధన 2017లో తీసేశారు. ఆమె స్లేడ్ కళాశాలలో చదువు ముగించింది 1980లో. నలభై రెండేళ్ళు పట్టిందన్నమాట. వేదిక మీద ఆమె అరిచిన మాటలు రెండు: “పవర్! విజిబిలిటీ!” ఆ తర్వాత, కనపడనప్పుడు కూడా మంచి పనే చేస్తూ వచ్చినవాళ్ళను తలుచుకుంది.

హాక్నీలో ఆ మూడు పండ్లకు అడ్డంగా కంచె లేదు. రిడ్లీ రోడ్ మార్కెట్ అక్కడికి ఎంతో దూరం కాదు.